ఏథెన్స్ వ్రాతపని: ఎర్రబొమ్మల పాత్రల వెంట ఏడు రోజులు

మొదటి రోజు: కుమ్మరిపేట

ఏథెన్స్‌లో దిగిన మర్నాడు పొద్దున హోటల్లోని వాళ్లంతా కొండ మీది పార్థెనాన్‌కు బయలుదేరారు. నేను కొండను వెనక వదిలి ఎర్మూ వీధి వెంట పడమటికి నడిచాను. థిసియో మెట్రో స్టేషన్ దాటి ఇంకొంచెం ముందుకు వెళితే, రోడ్డు మట్టం కంటే బాగా కిందుగా చెట్లూ రాళ్లూ కలిసిన ఒక పల్లం ఉంది. దాని పేరు కెరమైకోస్. గ్రీకులో కెరమోస్ అంటే కుమ్మరి మట్టి, ఆ మట్టితో చేసిన పాత్ర కూడా. సెరామిక్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. మన మాటల్లో అది కుమ్మరిపేట.

శ్రీకాళహస్తిలో నేను కలం పట్టి ఇరవై రెండేళ్లయింది. కలంకారీ అన్న పారశీకపు పేరు లోకానికి తెలుసు గానీ, మా పెద్దలు ఆ పనిని వ్రాతపని అనేవారు. వాళ్ల నోట బొమ్మను వ్రాయడమే తప్ప గీయడం ఉండేది కాదు. పదేళ్ల కిందట ఒక గ్రీకు పాత్ర ఫొటో చూస్తూ, దాని మీద ఉన్న ‘ఎగ్రాప్సెన్’ అనే మాటకు అర్థం చదివాను. వ్రాశాడు అని. అక్షరం వ్రాసినా బొమ్మ వ్రాసినా పాత గ్రీకులో ఒకటే క్రియ. రెండున్నర వేల ఏళ్ల కిందట మట్టి మీద పని చేసిన మనిషి నోటా మా మాటే ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. చుట్టూ నలుపు నింపి బొమ్మను మట్టి ఎరుపులోనే వదిలిన ఏథెన్స్ పాత్రలను ఎర్రబొమ్మల పాత్రలు అంటారు. వాటిని చూసే ఈ ప్రయాణానికి డబ్బు కూడబెట్టడం ఆ నెలలోనే మొదలుపెట్టాను.

పల్లంలోకి దిగితే ఎరిడనోస్ అనే చిన్న వాగు రెల్లు మధ్య నుంచి ఇప్పటికీ పారుతోంది. ఒడ్డున గడ్డిలో తాబేలు ఒకటి మెల్లగా కదులుతోంది. పర్షియన్ల దండయాత్ర ముగిశాక క్రీ.పూ. 478లో ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ ఆదరాబాదరాగా కట్టించిన నగర గోడ ఈ పేట నడుమ నుంచే పోయింది. గోడ బయట దారికి ఇరువైపులా సమాధులు. కుమ్మరులూ శ్మశానమూ పక్కపక్కన ఉండడం నాకు వింతగా తోచలేదు. చివరి ప్రయాణానికి కుండ కావాలని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇక్కడ సమాధుల్లో నూనె బుడ్లు, చిన్న గిన్నెలు పెట్టేవారు. అవన్నీ అక్కడే ఉన్న చిన్న మ్యూజియంలో వరసగా ఉన్నాయి.

ఒక రాతి మీద కూర్చుని వాగు ఒడ్డు మట్టిని వేళ్ల మధ్య నలిపి చూశాను. ఈ ప్రాంతపు మట్టిలో ఇనుము ఎక్కువ. కాలిస్తే నారింజ కలిసిన ఎరుపు వస్తుంది. పాత్రల మీద నిగనిగలాడే నలుపును చాలామంది రంగు అనుకుంటారు. అదీ మట్టే. మట్టిని నీళ్లలో కలిపి, బరువు రేణువులు అడుక్కి దిగేదాకా ఉంచి, పైన మిగిలిన మెత్తటి తేటను చిక్కబరిచి పూసేవారు. పూసినప్పుడు పాత్రకూ పూతకూ రంగులో పెద్ద తేడా ఉండదు. నలుపూ ఎరుపూ విడిపోయేది ఆవంలోనే. మొదట గాలి ఆడనిచ్చి కాలిస్తే పాత్రంతా ఎర్రబడుతుంది. తరవాత పచ్చికట్టెలు వేసి, గాలి దారులు మూసి, 900 డిగ్రీలు దాటేదాకా వేడి పెంచితే పాత్రంతా నల్లబడుతుంది. ఆ వేడికి తేటమట్టి పూత గాజులా బిగుసుకుంటుంది. ఆఖరున గాలిని మళ్లీ వదిలితే, గుల్లగా ఉన్న ఒట్టి మట్టి గాలిని పీల్చుకుని తిరిగి ఎర్రబడుతుంది. బిగిసిన పూతలోకి గాలి చొరబడలేదు, కనుక అది నల్లగానే ఉండిపోతుంది. ఒక్కసారి ఆవం మూస్తే ఈ మూడు దశలూ లోపలే జరగాలి. ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో చెప్పడానికి వేడిని కొలిచే సాధనం వాళ్లకు లేదు, అనుభవం ఉన్న కన్నే దిక్కు.

మా నలుపూ ఇనుము నుంచే వస్తుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతాం. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీటితో గీత వ్రాస్తే, చూస్తుండగానే నల్లబడుతుంది. వాళ్లకు నిప్పు చేసిన పని మాకు కరక్కాయ చేస్తుంది.

రెండో రోజు: మోకాటి మీద పెళ్లి

జాతీయ పురావస్తు మ్యూజియంలో కింది అంతస్తు బంగారు ముసుగులకూ కంచు విగ్రహాలకూ జనం కిక్కిరిసి ఉన్నారు. పై అంతస్తులో పాత్రల గదులు నిశ్శబ్దంగా ఉన్నాయి. నేను వెతుక్కుంటూ వెళ్లింది ఒక్క వస్తువు కోసం. దాని పేరు ఎపినెట్రాన్. ఉన్ని ఏకేటప్పుడు ఆడవాళ్లు తొడ మీద, మోకాలి దాకా బోర్లించుకునే మట్టి తొడుగు అది. పై భాగంలో చేప పొలుసుల్లా గరుకుగా ఉంటుంది, ఉన్నిని దాని మీద రుద్దుతారు. బొమ్మలు పక్కల మీద ఉంటాయి. ఇది క్రీ.పూ. 425 ప్రాంతంలో వ్రాసినది. ఎరెట్రియా అనే ఊళ్లో దొరికింది, అందుకే దీన్ని వ్రాసిన వ్యక్తిని ఎరెట్రియా చిత్రకారుడు అంటున్నారు. అసలు పేరు ఎవరికీ తెలియదు.

ఒక పక్కన అల్కెస్టిస్ కొత్త పెళ్లికూతురు. పడకగది ముందు మంచానికి ఆనుకుని నిలబడి ఉంది. వెనుక తలుపు తెరిచే ఉంది. స్నేహితురాళ్లు పెళ్లి పాత్రల్లో కొమ్మలు సర్దుతున్నారు. ఎవరి పేరు వారి పక్కన వ్రాసి ఉంది. బొమ్మ అంతా కలిపి జానెడు ఎత్తు లేదు. భర్తకు బదులు చావడానికి ఒప్పుకున్న అల్కెస్టిస్ ఈమే. హెరాక్లిస్ అనే వీరుడు ఆమెను మృత్యువు చేతి నుంచి వెనక్కి తెచ్చాడని కథ. అదంతా తరవాతి మాట. వ్రాసినవాడు ఆమె జీవితంలో అన్నిటికంటే నెమ్మదైన ఘడియను ఎంచుకున్నాడు. ఆ చీర మడతలను (వాళ్ల వస్త్రాన్ని ఇంకెలా పిలవాలో నాకు తోచదు) వెంట్రుకవాసి గీతలతో వ్రాశాడు. వ్రాసేటప్పుడు ఊపిరి బిగపట్టి ఉంటాడని గీత చూస్తే నాకు తెలుస్తుంది. నేనూ అలాంటి చోట్ల బిగపడతాను.

పని చేసే స్త్రీ ఒడిలో పని ఆపి నిలబడ్డ స్త్రీ బొమ్మ. దాన్ని చూస్తూ గంటన్నర ఉన్నాను.

పక్క గదిలో తెల్లపూత వేసిన సన్నటి నూనె బుడ్లు, లెకిథోస్‌లు, ఉన్నాయి. సమాధుల దగ్గర పెట్టడానికి చేసినవి. వాటి మీద ఎరుపూ నలుపూ కాదు, తెల్లటి పూత మీద పలచని గీతలు. రంగులు చాలావాటి మీద రాలిపోయాయి. వాటి గురించి వ్రాయాలంటే ఇంకో యాత్ర చేయాలి.

మూడో రోజు: విమానం

ఏథెన్స్ నుంచి మ్యూనిక్‌కు వెళ్లాను. గ్రీకు పాత్రల కోసం జర్మనీ ఎందుకని విమానంలో పక్క సీటు ఆయన అడిగాడు. ఏథెన్స్ కుమ్మరులు తమ పాత్రల్లో ఎన్నిటినో ఓడల మీద ఇటలీకి పంపేవారు. అక్కడ ఎట్రుస్కన్లు అనే జాతి వాటిని ఎంతో ఇష్టంగా కొనుక్కుని, చనిపోయినవారితో పాటు రాతి గదుల్లో పెట్టేది. నేల మీద ఉన్నవి పగిలిపోయాయి, సమాధిలో ఉన్నవి మిగిలాయి. 1828లో వుల్చీ అనే చోట పొలం దున్నుతుంటే ఎద్దు కాలు ఒక సమాధి కప్పులోకి దిగబడిందని చెబుతారు. ఆ తరవాత కొద్ది ఏళ్లలో అక్కడ వేల పాత్రలు బయటపడ్డాయి. ఆ నేలలో కొంత భాగానికి యజమాని నెపోలియన్ తమ్ముడు లూసియన్ బొనపార్టే. తవ్వకం తొందరలో జరిగింది. ఏ పాత్ర ఏ మనిషి పక్కన ఉందో చాలావాటికి ఇక తెలియదు. అది తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. పాత్రలు రాజులకూ మ్యూజియాలకూ అమ్ముడై యూరప్ అంతా చెదిరాయి. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ కొన్నవి మ్యూనిక్‌లో ఉన్నాయి.

నాలుగో రోజు: యూథిమిడెస్ సవాలు

క్యోనిగ్స్‌ప్లాట్జ్ అనే పెద్ద మైదానానికి ఒక పక్కన, మెట్ల మీద స్తంభాలతో ఉన్న భవనం పురాతన కళాసంగ్రహాలయం. తలుపు తీసే వేళకు నేను మెట్ల మీద ఉన్నాను.

మొదట చూడవలసింది ఆండోకిడెస్ చిత్రకారుడి ఆంఫొరా, అంటే రెండు చెవుల పెద్ద జాడీ. క్రీ.పూ. 530 ప్రాంతం దాకా ఏథెన్స్‌లో బొమ్మ నల్లగా ఉండేది, చుట్టూ మట్టి ఎరుపు. కళ్లూ కండరాలూ మడతలూ చూపాలంటే నల్లటి పూతను వాడి మొనతో గీకాలి. ఆ కాలంలో ఎవరో దాన్ని తలకిందులు చేశారు. బొమ్మను మట్టి రంగులో వదిలి, చుట్టూ నలుపు నింపారు. ఈ జాడీ మీద రెండు పద్ధతులూ ఉన్నాయి. ఒక వైపు హెరాక్లిస్ పడక మీద ఆనుకుని విందులో ఉన్నాడు, పక్కన అథీనా దేవత, నల్లబొమ్మలుగా. జాడీ చుట్టూ తిరిగి రెండో వైపుకు వెళితే అదే హెరాక్లిస్, అదే పడక, అదే అథీనా, ఎర్రబొమ్మలుగా. నల్ల హెరాక్లిస్ నీడలా ఉన్నాడు. ఎర్ర హెరాక్లిస్‌కు ఒళ్లు వచ్చింది.

ఎందుకో చెప్పగలను. గీకడం వేరు, వ్రాయడం వేరు. గీకే మొన ప్రతి చోటా ఒకే లావున, ఒకే కాఠిన్యంతో పోతుంది. వ్రాసే చెయ్యి చిక్కటి తేటమట్టితో ఉబ్బెత్తు గీత వేయగలదు, వేలితో తడిమితే తగిలేంత ఉబ్బెత్తుగా. అదే మట్టిని నీళ్లతో పలచబరిస్తే తేనెరంగు వస్తుంది. దానితో చర్మం కింద కండరాన్ని, చెంప మీద లేత వెంట్రుకను చూపవచ్చు. బొమ్మ లోపలికి చెయ్యి వెళ్లడానికి దారి దొరికింది. నొప్పి, అలసట, సిగ్గు, ఇవన్నీ ఆ దారినే వచ్చాయి.

తరవాత యూథిమిడెస్. క్రీ.పూ. 510 ప్రాంతపు ఆంఫొరా, వుల్చీలో దొరికింది. ఒక వైపు ట్రాయ్ యువరాజు హెక్టర్ కవచం తొడుక్కుంటున్నాడు. తండ్రి ప్రయామ్ ఒక పక్కన, శిరస్త్రాణం అందిస్తున్న తల్లి హెకుబా మరో పక్కన. రెండో వైపు తాగి చిందులేస్తున్న ముగ్గురు మగవాళ్లు. నడిమి మనిషి మనకు వీపు చూపిస్తూ నడుం దగ్గర మెలి తిరిగి ఉన్నాడు. వెన్ను గాడి పక్కకు వంగింది. ఇన్నేళ్లలో నేను వీపు వ్రాయలేదు. మా పనిలో దేవుడూ రాజూ చూసేవారికి ఎదురుగా ఉంటారు. ఒక శరీరం తనలో తాను తిరగడాన్ని చదునైన గీతతో చూపడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక్క గీత తప్పితే నడుం విరిగినట్టు ఉంటుంది. ఇక్కడ విరగలేదు.

ఆ బొమ్మల పక్కనే యూథిమిడెస్ వ్రాసుకున్న మాట ఉంది: ‘యూఫ్రోనియోస్‌కు ఎన్నడూ చేతకానట్టుగా.’ యూఫ్రోనియోస్ ఆ తరంలో గొప్పవాడు, అదే పేటలో పని చేసేవాడు. ఇద్దరూ ఒకే వాగు మట్టి వాడి ఉంటారు. ఈ మాటను పొగరు అనుకునేవాళ్లు ఉండవచ్చు. నాకు మాత్రం అందులో పొగరు కంటే ప్రేమ ఎక్కువ కనిపించింది. పక్కవాడి గీతను రోజూ చూసి, అదెంత బాగుందో తెలిసినవాడే ఆ మాట వ్రాయగలడు. పని అంటే లెక్కలేనివాడికి పోటీ ఎందుకు?

మధ్యాహ్నం గిన్నెల గది. కైలిక్స్ అంటే పొడుగు కాలు మీద నిలిచే, లోతు తక్కువ ఉన్న వెడల్పాటి గిన్నె, ద్రాక్షసారా తాగేది. అడుగున గుండ్రటి బొమ్మ ఉంటుంది. తాగేకొద్దీ బొమ్మ బయటపడుతుంది. పెంథెసిలియా చిత్రకారుడి గిన్నె 43 సెంటీమీటర్ల వెడల్పు. గ్రీకు వీరుడు అకిలీస్ కత్తి పెంథెసిలియా అనే వీరనారి గుండెలో దిగుతుండగా ఇద్దరి కళ్లూ కలుస్తాయి. ఆ క్షణంలోనే అతనికి ఆమె మీద ప్రేమ పుట్టిందని కథ. బొమ్మలు గిన్నెకు పట్టనంత పెద్దవి. నిటారుగా నిలబడితే అంచు దాటిపోతారు. అందుకే వంగి ఉన్నారు, ఆ ఇరుకే వాళ్లను అంత దగ్గరికి తెచ్చింది.

ఇంకో గిన్నె మీద వెలుగు ఏటవాలుగా పడే చోట నిలబడితే, నల్ల గీతకు పక్కగా సన్నటి గాడి కనిపించింది. మట్టి ఇంకా మెత్తగా ఉండగా మొద్దు పుల్లతో వేసుకున్న తొలి గీత అది. వ్రాసినవాడు బొమ్మ చెయ్యిని ముందు ఒక చోట అనుకుని, తరవాత కొంచెం పైకి జరిపాడు. మేము చింతపుల్ల బొగ్గుతో వేసుకునే గీతలు ఉతుకులో పోతాయి. అతని సందేహం మాత్రం కాలి, గట్టిపడి, నా ముందు ఉంది.

ఐదో రోజు: రైలు

మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కు వేగంగా వెళ్లే రైలులో నాలుగు గంటల పైన పట్టింది. రైలు ఆలస్యంగా బయలుదేరడంతో ఆ రోజు మ్యూజియం చూడడం కుదరలేదు. స్టేషన్‌కు మా అన్నయ్య కూతురు వచ్చింది. ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. మూడేళ్ల తరవాత చూశాను, చిక్కింది. రాత్రి పప్పుచారు పెట్టింది. “ఎల్లుండి నాకు సెలవు అత్తా, నీతో వస్తాను” అంది. ఆల్టెస్ మ్యూజియంలో ఒక గిన్నెను ఆమెతోనే చూడాలని ఆ క్షణంలో నిశ్చయించుకున్నాను.

ఆరో రోజు: పనివాళ్లు, పిల్లలు

షింకెల్ అనే వాస్తుశిల్పి కట్టిన ఆల్టెస్ మ్యూజియం 1830లో తెరిచారు. ముందు స్తంభాల వరస, లోపల గుమ్మటం కింద గుండ్రటి హాలు. నేను ఆగకుండా పాత్రల దగ్గరికి వెళ్లాను.

కంచు పోతపని గిన్నె. క్రీ.పూ. 490, 480 మధ్యది. గిన్నె లోపల దేవతల కమ్మరి హెఫైస్టస్, అకిలీస్ కోసం చేసిన ఆయుధాలను అతని తల్లి థెటిస్‌కు ఇస్తున్నాడు. బయట మాత్రం ఏథెన్స్ పనివాళ్లు. కొలిమి ముందు ఒకడు కూర్చుని నిప్పును ఎగదోస్తున్నాడు. కొలిమి వెనక నుంచి తిత్తులు ఊదే కుర్రాడు తొంగిచూస్తున్నాడు. ఇంకొకడు తల పెట్టని విగ్రహాన్ని అతుకుతున్నాడు, తల నేల మీద వేరుగా ఉంది. గోడకు సుత్తులు, రంపం, చేసిపెట్టిన పాదాలు వేలాడుతున్నాయి. గిన్నె రెండో వైపు మనిషి కంటే ఎంతో ఎత్తైన యోధుడి విగ్రహాన్ని ఇద్దరు పనివాళ్లు గీకి నునుపు చేస్తున్నారు. కర్రలు ఊతగా పట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు చెరో పక్కన నిలబడి చూస్తున్నారు. ఆ కాలపు కంచు విగ్రహాలు చాలావరకు కరిగించబడి పోయాయి. అవి ఎలా తయారయ్యేవో చెప్పడానికి మట్టిపని చేసేవాడు వ్రాసిన ఈ బొమ్మ మిగిలింది. ఒక వృత్తివాడు మరో వృత్తివాడి పనిని ఇంత శ్రద్ధగా చూశాడు. నాకు ఇంతకంటే గౌరవప్రదమైన చూపు తెలియదు.

దాని తరవాత డూరిస్ అనే చిత్రకారుడు సంతకం చేసిన బడి గిన్నె. ఒక కుర్రాడు గురువు ఎదుట కూర్చుని లైర్ అనే వాద్యం తీగలు మీటుతున్నాడు. ఇంకొకడు చేతులు లోపలే ఉంచి పైబట్ట కప్పుకుని, గురువు విప్పి పట్టుకున్న వ్రాతచుట్ట ముందు నిలబడ్డాడు. ఆ చుట్ట మీద వీరగాథ తొలి పాదం లాంటి ఒక పంక్తి, తప్పులతో సహా, చదవగలిగేలా వ్రాసి ఉంది. రెండో వైపు పలక మీద వ్రాత, వేణువు లాంటి వాద్యం. పిల్లాణ్ని బడికి తీసుకొచ్చిన ముసలాయన కాలు మీద కాలేసుకుని, కర్ర పట్టుకుని కూర్చున్నాడు, ముఖం వెనక్కి తిప్పి చూస్తున్నాడు. గోడకు గిన్నెలు, బుట్ట, లైర్‌లు. పాఠం అప్పగించే పిల్లవాడి భుజాలు నా శిష్యుల భుజాల్లాగే బిగిసి ఉన్నాయి.

బెర్లిన్ చిత్రకారుడి పేరు ఈ మ్యూజియంలోని ఆంఫొరా వల్లే వచ్చింది. హెర్మీస్ దేవుడు, సాటిర్ అనే గుర్రపు తోక మనిషి, నడుమ జింకపిల్ల, ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి ఒకే ఆకారంలా ఉంటారు. చుట్టూ చట్రం లేదు, ఒట్టి నలుపు. అతను తన పేరు వ్రాసుకోలేదు. ఆక్స్‌ఫర్డ్ పండితుడు జాన్ బీజ్లీ (1885–1970) చెవి, చీలమండ, మోకాలి చిప్ప వ్రాసిన తీరు పట్టుకుని, సంతకం లేని వేల పాత్రలను ఏ చెయ్యి వ్రాసిందో విడదీశాడు. కొందరికి ఇది నమ్మశక్యంగా ఉండదు. నాకు ఉంటుంది. మా ఊళ్లో కూడా, బట్ట కొస మాత్రం చూపించినా ఆకు వంపును బట్టి అది ఎవరి వ్రాతో చెప్పగల పెద్దలు ఉన్నారు.

సంతకాల్లోని పేర్లు కొన్ని గుర్తుకొచ్చాయి. స్కిథెస్ అంటే సిథియా వాడు. లీడోస్ అంటే లిడియా వాడు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లో, బానిసలుగా వచ్చినవాళ్లో. రూవో అనే ఇటలీ ఊళ్లో దొరికిన ఒక బిందె మీద పని జరుగుతున్న చిత్రశాల ఉంది, అందులో ఒక చివర కూర్చుని పెద్ద పాత్ర చెవికి నగిషీ వ్రాస్తున్నది స్త్రీ. దేవతలు మగవాళ్లకు కిరీటం పెడుతున్నారు, ఆమెకు ఎవరూ పెట్టడం లేదు. ఆ బిందె నా దారిలో లేదు. కానీ ఈ ఏడు రోజులూ ఆమె నా పక్కనే నడిచింది.

ఏడో రోజు: కట్టు

మేనకోడలు రాత్రి పని ముగించుకుని, కాస్త నిద్రపోయి, పదకొండింటికి నాతో వచ్చింది. నిన్న కావాలనే చూడకుండా వదిలిన అద్దాల పెట్టె దగ్గరికి తీసుకువెళ్లాను. సోసియాస్ గిన్నె. క్రీ.పూ. 500 ప్రాంతం, వుల్చీలో దొరికింది, 32 సెంటీమీటర్ల వెడల్పు. చేసిన కుమ్మరి సోసియాస్ సంతకం ఉంది. వ్రాసినవాడి పేరు లేదు.

కథ చెప్పలేదు. “చూడు” అన్నాను, అంతే.

గడ్డం ఉన్న మనిషి డాలు మీద కూర్చున్నాడు. ఎడమ చేతికి గాయం. ఎదురుగా శిరస్త్రాణం పెట్టుకున్న, గడ్డం రాని యువకుడు మోకాళ్ల మీద వంగి తెల్లటి కట్టు చుడుతున్నాడు. పక్కన లాగిన బాణం. గాయపడ్డవాడు మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. పెదవులు విడి తెల్లటి పళ్లు కనిపిస్తున్నాయి. కట్టు కట్టేవాడి కన్ను పూర్తిగా చేతి మీద ఉంది. అప్పటిదాకా ఏథెన్స్ చిత్రకారులు పక్కకు తిరిగిన ముఖంలో కూడా కన్నును ఎదురుగా చూసినట్టే వ్రాసేవారు. ఇక్కడ కన్ను ముక్కు వైపు తెరుచుకుంది. నిజంగా చూస్తోంది.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “సూది వేసేటప్పుడు అందరూ ఇలాగే తల తిప్పుకుంటారు అత్తా. ఎంత పెద్దవాళ్లయినా” అంది. ఇంకొంచెం వంగి, “కాలు చూశావా? నొప్పిని ఆపుకోవడానికి గిన్నె అంచుకు తన్ని పట్టాడు. మంచం కమ్మీకి పేషెంట్లు ఇలాగే కాలు ఆనిస్తారు.”

ఫొటోల్లో ఈ గిన్నెను వందసార్లు చూశాను. ఆ కాలిని ఖాళీ నింపడానికి వ్రాసిన కాలు అనుకున్నాను.

వాళ్లెవరని అడిగితే చెప్పాను. కట్టు కట్టేది అకిలీస్, గాయపడ్డది అతని స్నేహితుడు పాట్రోక్లస్. ట్రాయ్ యుద్ధం కథ చెప్పే ఇలియడ్ కావ్యంలో ఈ ఘట్టం లేదు. అక్కడ పాట్రోక్లసే ఇంకొకరికి, యూరిపిలస్‌కు, గాయం కడిగి మందు వేస్తాడు. ఆ వైద్యం అకిలీస్ దగ్గర నేర్చుకున్నది. అకిలీస్‌కు నేర్పింది ఖైరాన్ అనే అశ్వనరుడు. ఆ తరవాత కొద్ది కాలానికే పాట్రోక్లస్ యుద్ధంలో చనిపోతాడు.

“ఎవరి చేతిలో?” అంది.

“హెక్టర్ చేతిలో. మ్యూనిక్‌లో వాళ్లమ్మ శిరస్త్రాణం అందిస్తోందని నీకు ఫోన్లో చెప్పానే, అతనే.”

ఆమె అద్దం మీద వేలు పెట్టబోయి, పక్కనున్న కాపలా ఆయనను చూసి వెనక్కి తీసుకుంది. “ఈ కట్టు మాత్రం బాగా కడుతున్నాడు” అంది, “చూడు, చెయ్యి కింద నుంచి తన చేత్తో పట్టుకుని కడుతున్నాడు.” నా సంచిలోంచి పుస్తకం తీసి, పెన్సిలుతో ఆ రెండు చేతులను వ్రాయడం మొదలుపెట్టాను. ఆమె నా భుజం మీదుగా చూస్తూ, వేళ్లు ఎక్కడ ఉండాలో చెబుతోంది.